నెలవంక నమూనా

మా అమ్మ పక్కన పడుకుంటే దెబ్బలు తప్పవు. మెలకువగా ఉన్నప్పుడు ఎవరి మీదా చెయ్యెత్తి ఎరగదు. నిద్రపోయిందంటే మాత్రం ఎడమ చెయ్యి లేస్తుంది, గాల్లో ఒక చుట్టు తిరుగుతుంది, ఎవరి ముక్కు దొరికితే వాళ్ల ముక్కు మీద పడుతుంది. మా నాన్న బతికున్నన్నాళ్లూ మధ్యలో ఒక దిండు గోడలా నిలబెట్టుకునే పడుకున్నాడు. "మీ అమ్మ డ్యూటీ ఎక్కింది, ఇటు జరుగు" అనేవాడు నాతో. పొద్దున్నే మేమిద్దరం మొహాలు తడుముకుంటూ లేస్తే అమ్మ ఒప్పుకునేది కాదు. "నేనా? నేను కట్టెలా పడుకుంటాను. మీకే కలలొస్తున్నాయి" అనేది.

ఆ దిండుకీ గడియారాల చరిత్రకీ ఏదో సంబంధం ఉందని మాలో ఎవరికీ తోచలేదు. ఒకటి పడకగది సంగతి, ఇంకొకటి ఫ్యాక్టరీ సంగతి. రెండూ ఒకే చేతికి ఉన్నాయని చూసే తీరిక ఎవరికుంది.

ఆ చేతికి ఉన్న వాచీ గురించి ముందు చెప్పాలి. అది దుకాణంలో కొన్నది కాదు. దుకాణానికి పోనేలేదు. మా మేనమామ చేసింది. ఆయన వాచీ ఫ్యాక్టరీలో నమూనాల గది మేస్త్రి. కొత్త రకం వాచీ ఏదైనా వేలకొద్దీ చేసేముందు ఒక గుప్పెడు చేత్తో చేసి చూసుకునే చోటు అది. కీ ఇవ్వక్కర్లేని వాచీలు అప్పటికే లోకంలో ఉన్నాయి. చెయ్యి కదిలితే లోపల ఒక బరువు తిరుగుతుంది, ఆ తిరుగుడుకి స్ప్రింగు చుట్టుకుంటుంది. కాకపోతే ఆ బరువు వాచీ వెనకాల కూర్చునేది. వాచీ వీపున మూట కట్టుకున్న మనిషిలా బొద్దుగా ఉండేది. సన్నటి మణికట్టుకి కడితే చెయ్యి కనపడేది కాదు, వాచీయే కనపడేది.

మామయ్య ఆ మూటను వీపు మీంచి దించేశాడు. బరువును పల్చటి ఇత్తడి వంకగా వంచి, డయల్ చుట్టూ అంచున, గాజు కిందే పెట్టాడు. చెయ్యి ఇటు వంచితే ఆ వంక అంకెల పక్కనుంచి ఇటు జారుతుంది. అటు వంచితే అటు. ఎటు జారినా స్ప్రింగు చుట్టుకుంటుంది. కీ ఇచ్చే గుండీ అసలు లేదు. టైము మార్చాలంటే వెనక చిన్న బెజ్జంలో సూది పెట్టాలి. చీకటి డయల్ చుట్టూ ఆ ఇత్తడి వంక తిరుగుతుంటే ఆకాశం తెచ్చి చేతికి కట్టినట్టుండేది. ఫ్యాక్టరీలో అందరూ దాన్ని నెలవంక అన్నారు. కంపెనీ ఏదో పేరూ నంబరూ పెట్టింది. అవి ఎవరికీ గుర్తులేవు.

చాలా ఏళ్లకి ఎక్కడో దూరదేశంలో అంచున బరువు తిరిగే వాచీ ఒకటి అద్దాల దుకాణాల్లోకి వచ్చింది. ఎంత తెలివో అని పత్రికలవాళ్లు రాశారు. అందులో మా మామయ్య పేరు ఎందుకుంటుంది. ఆయన చేసింది పరీక్షలో తప్పింది. నమూనాలన్నీ పనివాళ్ల చేతులకి కట్టి చూశారు. ఒక్కోటే ఆగిపోయాయి. అక్కడే పనిచేసే అమ్మకి కట్టింది తప్ప. ఒక గుప్పెడులో ఒక్కటి నడిస్తే దాన్ని పైవాళ్లు లెక్కలోకి తీసుకోలేదు. "మీ అక్క కాబట్టి నడుస్తోంది" అన్నాడట మేనేజరు, అందరి ముందూ. అందరూ నవ్వారట. నమూనాల గదికి తాళం పడింది. అమ్మ చేతికున్నదాన్ని వెనక్కి ఇమ్మని ఎవరూ అడగలేదు. మామయ్యని తీసుకెళ్లి డబ్బాలకి మూతలు బిగించే చోట కూర్చోబెట్టారు. ఫ్యాక్టరీ కాలనీలో పిల్లల దగ్గర్నుంచీ ఆయన్ని ఆగుడు మేస్త్రి అనేవాళ్లు. పాపం, కొత్తగా వచ్చినవాళ్లు అది ఇంటిపేరనుకునేవాళ్లు.

తర్వాత ఫ్యాక్టరీ కూడా ఆగింది. దాని పేరు మాత్రం ఎవరూ ఆగుడు ఫ్యాక్టరీ అనలేదు. మనిషికైతే పేరు పెట్టడం తేలిక.

ఇప్పుడు ఆ మూసేసినవాళ్ల మనవడే అక్కడ ఒక షెడ్డుకి సున్నం కొట్టించి మ్యూజియం పెడుతున్నాడు. మా బతుకులు గాజుపెట్టెల్లోకి ఎక్కుతున్నాయన్నమాట. నేను బస్సులో కండక్టర్‌ని. ఆ షెడ్డు ముందునుంచే నా బస్సు వెళ్తుంది. గేటు మీద రంగు బోర్డు చూసినప్పుడల్లా టికెట్లు గట్టిగా చింపుతుంటాను.

మ్యూజియం అమ్మాయి మా ఇంటికొచ్చింది ఒక మధ్యాహ్నం. ఆ అమ్మాయి మీద నాకు కోపం లేదు. జీతానికి పనిచేసేదే. మాట్లాడేటప్పుడు చేతులు తెగ తిప్పుతుంది. మామయ్య అప్పుడు మా ఇంట్లోనే ఉన్నాడు. టీ తాగుతున్నాడు. ఆయన టీ తాగడం చూడాలి. కప్పు బల్ల మీదే ఉంటుంది, ఆయనే వంగుతాడు. చేతులు ప్యాంటు జేబుల్లోంచి బయటికి రావు. ఎండాకాలమైనా, ఎవరింట్లోనైనా అంతే. పొగరనుకుంటారు చూసేవాళ్లు. పొగరు కాదు. వణుకు. వయసుతో వచ్చి చేతుల్లో దిగబడింది. వాచీ మేస్త్రికి చేతులు వణకడమంటే పాటగాడికి గొంతు పోవడమే. పాటగాడు నోరు మూసుకుని కూర్చోవచ్చు. చేతులు ఎక్కడ మూసుకుంటాం. జేబులే దిక్కు.

అమ్మ అలమర తెరిచి, దూది మీద పెట్టిన వాచీని తెచ్చి ఆ అమ్మాయి అరచేతిలో పెట్టింది. అమ్మ పగలు దాన్ని కట్టుకోదు. ఇంటిపనిలో నీళ్లు తగులుతాయని భయం. పనంతా అయ్యాక, పడుకునే ముందు కట్టుకుంటుంది. ఆ అలవాటు నా వల్ల వచ్చింది. నమూనా ఇంటికి తెచ్చిన రోజుల్లో నేను ఏది దొరికితే అది నోట్లో పెట్టుకునే వయసులో ఉన్నానట. తాళం పడే పెట్టె ఇంట్లో లేదు. అన్నిటికంటే భద్రమైన చోటు తన చెయ్యే అనుకుని అమ్మ కట్టుకునే పడుకునేది.

"నడుస్తోందేంటి ఇది" అంది మ్యూజియం అమ్మాయి, వాచీ చెవి దగ్గర పెట్టుకుని. "మిగతావన్నీ మా దగ్గరున్నాయి. ఒక్కటీ నడవదు."

"నడవక? వాచీ అన్నాక నడుస్తుంది" అంది అమ్మ.

"ఊపితే ఏదైనా నడుస్తుంది" అన్నాడు మామయ్య, కప్పు మీంచి తల ఎత్తకుండా.

అమ్మ అటు తిరిగింది. "ఏమన్నావురా?"

"ఉన్నమాటే అన్నాను. నేనొచ్చే వేళకి తీసి ఊపి పెడతావు. నేను చూళ్లేదనుకున్నావా? ఒకసారి ఈ గుమ్మంలోనే నిలబడి చూశాను."

"చెవి దగ్గర పెట్టుకుని విన్నాను. దాన్ని ఊపడం అంటారా?"

"సర్లే అక్కా. జాలిపడ్డావు. తమ్ముడి మీద జాలిపడితే తప్పేం లేదు. కానీ ఈ పిల్ల రాసేది నలుగురూ చదువుతారు. అందులో నీ జాలి కలపకు. ఆగిపోయే వాచీ చేశాను. ఆగిపోయిందనే రాయించు."

మా అమ్మ కోపం వస్తే గొంతు పెంచదు. తగ్గిస్తుంది. అప్పుడే భయపడాలి.

"అంటే ఇన్నాళ్లూ" అంది, "నేను నీకు అబద్ధం ఆడుతున్నాననుకుంటూనే నా ఇంట్లో కూర్చుని టీ తాగావా."

మామయ్య కప్పు మీదికి వంగాడు. టీలోకి చూశాడు.

"మరి ఎలా నడుస్తోందో నువ్వే చెప్పు" అన్నాడు చివరికి. "పరీక్షకి కట్టుకున్న వాళ్లందరివీ ఆగాయి. నీది మాత్రం ఎందుకు నడుస్తుంది?"

"నాకేం తెలుసు? నడిచేదాన్ని పట్టుకుని ఎందుకు నడుస్తున్నావని ఎవరైనా అడుగుతారా?"

మ్యూజియం అమ్మాయి గాజుపెట్టె పక్కన పెట్టబోయే అట్ట మీద ఏం రాయాలో సగం రాసుకొచ్చింది. మేం అడక్కుండానే చదివింది. అంచున బరువు తిరిగే అరుదైన నమూనా. పరీక్షలో విఫలమైంది. అంతే. ఇంకా పొడుగ్గా రాయడానికి పైవాళ్లు ఒప్పుకోరట. "నడుస్తుందని మీరు చూపిస్తే ఆ మాట మారుస్తాను" అంది. "కానీ బల్ల మీద పెడితే ఏ ఆటోమేటిక్ వాచీ అయినా ఆగుతుంది కదా. ఎలా చూపిస్తారు?"

అమ్మ ఆ వాచీ తీసుకుని మామయ్య చొక్కా జేబులో వేసింది.

"తీసుకుపో. నీ దగ్గరే పెట్టుకో. పూర్తిగా ఆగాక కబురు చెయ్యి. మీ ఇంటికొచ్చి నీ కళ్ల ముందు కట్టుకుంటాను. ఈ పిల్లనీ రానీ. ఊపానో ఊపలేదో నువ్వే కాపలా కాసుకో. నడిస్తే నా మాట రాయండి. నడవకపోతే మీకేం కావాలో రాసుకోండి, నేను మళ్లీ దాన్ని ముట్టుకోను."

ఆ తర్వాత కొన్నాళ్లు ఇల్లు ఇల్లులా లేదు. అమ్మ మణికట్టు మీద రోజూ రాత్రి పట్టీ ఒత్తుకున్న చోట నొక్కుకుపోయిన చార. దాన్ని వేలితో రుద్దుకుంటూ వంటింట్లో నిలబడిపోయేది. పొయ్యి మీద నీళ్లు మరిగి మరిగి అయిపోయేవి. ఏం ఆలోచిస్తున్నావంటే, "ఏం లేదు, వినపడటం లేదు" అనేది. ఆ వాచీ చప్పుడు ఎంతుంటుంది. చీమ నడిచినంత. అది లేకపోయేసరికి ఇల్లంతా ఎవరో దుప్పటి కప్పినట్టయింది. పొద్దున్న డ్యూటీకి బయల్దేరుతూ నేను కూడా గుమ్మంలో ఆగి వినడం మొదలుపెట్టాను, లేని చప్పుడుని.

కబురొచ్చింది. వెళ్లాం.

మామయ్యది ఒంటిగది, టైలరు షాపు మీద. కిటికీ ఒక్కటే. ఒక మంచం, ఒక బల్ల, రెండు కుర్చీలు. గడియారం లేదు. గోడ మీద లేదు, అలమరలో లేదు. టైము కావాలంటే కింద టైలరు పెట్టుకునే రేడియో వింటాడు. కింద కుట్టుమిషను నడుస్తోంది. ఆ చప్పుడు నేలలోంచి వచ్చి కాళ్లలోకి ఎక్కుతోంది. కిటికీలోంచి పడ్డ ఎండలో నూలు పోగులు, దుమ్ము, ఏవేవో సన్నటివి తేలుతున్నాయి. కింద కత్తిరించిన గుడ్డల్లోంచి లేచినవి పైకొచ్చి ఇక్కడ ఈదుతున్నాయి. ఆ గదిలో అడుగుపెట్టగానే నాకు ఆవలింత వచ్చింది. మ్యూజియం అమ్మాయి కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

వాచీ బల్ల మీద ఉంది. సెకన్ల ముల్లు చచ్చినట్టు పడుంది. నెలవంక కిందికి జారి ఆరు అంకె దగ్గర కూర్చుంది.

"కట్టు" అంది అమ్మ నాతో, చెయ్యి చాపి. నేను కట్టాను. అమ్మ ఎడమ చెయ్యి బల్ల మీద పెట్టింది.

ఎలా పెట్టిందో చెప్పాలి. ఫ్యాక్టరీలో బల్ల దగ్గర కూర్చున్నట్టు పెట్టింది. అమ్మది బల్ల పని. వాచీ లోపల అటూ ఇటూ ఆడే బ్యాలెన్స్ చక్రాన్ని పట్టకారుతో ఎత్తి దాని గుంటలో నిలబెట్టడం. ఆ చక్రం కంటిరెప్ప వెంట్రుకంత తీగ మీద వేలాడుతుంది. మణికట్టు కదిలితే పని చెడుతుంది. అందుకని బల్లలకి తోలు పట్టీలు బిగించారు. రెండు మణికట్లూ వాటిలో దూర్చి కూర్చోవాలి. ఆడితే వేళ్లే ఆడాలి. పట్టీలోంచి చెయ్యి తీస్తే సూపర్‌వైజరు స్కేలుతో కణుపుల మీద తట్టేవాడు. కొట్టేవాడు అంటే కంపెనీ ఒప్పుకోదు. తట్టేవాడు అనాలి. ఫ్యాక్టరీ బస్సు గుమ్మం దగ్గర ఎక్కించుకుంటుంది, గేటులో దించుతుంది. చెయ్యి ఊపుకుంటూ నాలుగడుగులు నడిచే పని కూడా లేదు. అలా ఏళ్లకేళ్లు కూర్చున్న చెయ్యి అది. మామయ్య బల్లకి పట్టీ లేదు. అయినా పట్టీ ఉన్నట్టే ఆ చెయ్యి అక్కడ పడి ఉంది.

పైగా పంతం. ఊపానని తమ్ముడు అనకూడదని ఊపిరి కూడా మెల్లగా తీస్తోంది. ముక్కు మీద ఈగ వాలితే తోలుకోలేదు. నేను తోలాను.

రేడియోలో వార్తలు వచ్చాయి, పోయాయి. పాట వచ్చింది, పోయింది. టైలరు ఎవరితోనో "రేపు రండి, రేపు తప్పకుండా" అంటున్నాడు. ఆ మాట ఆయన ఎప్పుడూ అనేదే. నెలవంక ఆరు అంకె దగ్గరే కూర్చుంది.

"చూశావా అక్కా" అన్నాడు మామయ్య. గెలిచిన గొంతు కాదది. ఓడిపోవాలని వచ్చి కూర్చున్నవాడి గొంతు.

అమ్మ వాచీ వంక వంగి చూసింది. పేరు పెట్టి పిలిస్తే పలకని పిల్లని చూసినట్టు.

"అదేంటిరా. రోజూ నడిచేదే కదా."

"నడవదు. అది నడవదు అక్కా. నాకు అప్పుడే తెలుసు. బరువు చాలలేదు. పల్చన చేశాను, అందం కోసం పోయాను. వదిలెయ్." మ్యూజియం అమ్మాయి వైపు తిరిగాడు. "రాసుకో అమ్మా. విఫలం. ఆ మాట నువ్వు రాసుకొచ్చిందే బావుంది."

ఆ అమ్మాయి కలం తీసింది. మూత తియ్యలేదు. "కాసేపు ఉందాం" అంది.

"ఎందుకు?"

"ఎండగా ఉంది కదా బయట."

అమ్మ కుర్చీలోంచి లేచింది. లేచి, మామయ్య మంచం మీద, గోడవైపు తిరిగి పడుకుంది. అలిగినప్పుడు అంతే, మా ఇంట్లో అయినా గోడే కావాలి. "చేతికున్నది విప్పి ఇస్తావా?" అన్నాడు మామయ్య. "విప్పను. పోయేటప్పుడు విప్పుతాను. నీ ఇంట్లో కాసేపు పడుకుంటే కూడా అబద్ధమేనా" అంది గోడతో.

ఎండ కిటికీ దిగి నేల మీద పాకింది. మిషను చప్పుడు కింద ఆగుతోంది, సాగుతోంది. నూలు పోగులు తేలుతున్నాయి. నాకు బస్సులో చివరి సీటులో కూర్చున్నట్టుంది. ఎక్కడికో పోతున్నాం, దిగే చోటు ఎవరూ చెప్పడం లేదు. మామయ్య కుర్చీలో జేబుల్లో చేతులతో కిటికీ బయటికి చూస్తున్నాడు. జేబుగుడ్డ సన్నగా అదురుతోంది, లోపల పిట్ట ఉన్నట్టు. అమ్మ ఊపిరి మారింది. పొడుగైంది. వెల్లకిలా తిరిగింది.

చెయ్యి లేచింది.

"డ్యూటీ ఎక్కింది" అన్నాను నేను. ఆలోచించి అన్నది కాదు. చిన్నప్పటి నుంచీ నోటికి అలవాటైన మాట. ముక్కు కాపాడుకోవడానికి తల వెనక్కి కూడా తీసుకున్నాను, కుర్చీలో కూర్చుని.

ముందు వేళ్లు కదిలాయి. బొటనవేలూ చూపుడువేలూ కలిసి గాల్లో దేన్నో పట్టుకున్నాయి. చాలా చిన్నదాన్ని. మెల్లగా తిప్పాయి. ఎక్కడో నిలబెట్టాయి. పెదాలు బిగించి ఊపిరి ఆపింది, చక్రం గుంటలో కూర్చునేదాకా. కూర్చుందేమో, ఊపిరి వదిలింది. ఆ తర్వాత ఎడమ చెయ్యి మొత్తం, భుజం దగ్గర్నుంచీ, పట్టీ లేని చెయ్యి, పెద్ద చుట్టు తిరిగి పైకి పోయింది. పైకి పోయి, అరచెయ్యి విప్పుకుని, దేన్నో వదిలేసి, మంచం మీద పడింది. మళ్లీ వేళ్లు. మళ్లీ ఊపిరి. మళ్లీ చుట్టు.

నెలవంక ఆరు దగ్గర్నుంచి లేచింది. తొమ్మిది దాటింది, పన్నెండు ఎక్కింది, మూడు వైపు జారింది. చెయ్యి పడినప్పుడు ఆగి, చెయ్యి లేచినప్పుడు మళ్లీ బయల్దేరింది. ఎండ ముక్క ఒకటి ఆ ఇత్తడి మీద పడి, గది కప్పు మీద చిన్న వెలుగు ఒకటి తిరుగుతోంది. మేం ముగ్గురం తలెత్తి దాన్ని చూస్తున్నాం. కాసేపటికి మ్యూజియం అమ్మాయి మంచం దగ్గరికి వంగి, నోటితో శబ్దం రాకుండా "నడుస్తోంది" అంది. సెకన్ల ముల్లు పరుగెత్తుతోంది.

మా నాన్న దిండు గుర్తొచ్చింది నాకు. మధ్యలో నిలబెట్టిన దిండు. ఎన్నేళ్లు పడుకున్నాం ఆ గోడకి ఇవతల, అవతల ఏం జరుగుతోందో చూడకుండా. అమ్మ తంతోందనుకున్నాం, కొడుతోందనుకున్నాం, నవ్వుకున్నాం.

"ఎప్పటినుంచి ఇలా?" అన్నాడు మామయ్య. గుసగుసగా.

"నాకు తెలిసినప్పటి నుంచీ. నాన్న ముక్కుని అడుగు."

ఆయన కుర్చీలోంచి లేచి మంచం పక్కన నిలబడ్డాడు. అక్క వేళ్లు చూస్తున్నాడు.

"మేం ఎవరికి కట్టాం ఆ నమూనాలు?" అన్నాడు. నన్నడిగాడో తనని తానే అడిగాడో.

"బల్ల పనివాళ్లకి."

"బల్ల పనివాళ్లకి" అన్నాడు. "చేతికి పట్టీలు వేసి కూర్చోబెట్టినవాళ్లకి. లోకంలో అందరికంటే కదలని చేతులు వెతికి వెతికి కట్టాను. నమ్మకమైనవాళ్లని. ఇంటికెళ్లాక విప్పి దూదిలో చుట్టి దాచేవాళ్లు. కంపెనీ వస్తువు, గీత పడితే ఎలాగని. జాగ్రత్తరా, గీత పడనివ్వకండి అని నేనే చెప్పాను. ఒక్క బస్సు కండక్టరుకి కట్టినా చాలును. ఒక్క చాకలికి, ఒక్క పోస్టుమ్యానుకి. మాకు బయటి మనిషి తోస్తేగా. వాచీ అంటే వాచీవాళ్లే కట్టుకోవాలనుకున్నాం."

నవ్వొచ్చింది ఆయనకి. అమ్మ లేస్తుందని శబ్దం లేకుండా నవ్వాడు. భుజాలు ఎగిరాయి, కళ్లలోంచి నీళ్లు కారాయి. తుడుచుకోవాలంటే చెయ్యి కావాలి. కుడి చెయ్యి జేబులోంచి బయటికొచ్చింది. ఎన్నో ఏళ్ల తర్వాత నేను ఆ చెయ్యి చూడటం. ఆకులా వణుకుతోంది. దాన్ని మొహం దాకా తీసుకెళ్తుండగానే అమ్మ చెయ్యి మళ్లీ లేచింది, చుట్టు తిరిగింది, వదలాల్సింది వదిలి సరిగ్గా వచ్చి ఆయన అరచేతిలో పడింది.

ఆయన పట్టుకున్నాడు. పట్టుకోక తప్పలేదు. మంచం అంచున కూర్చున్నాడు.

అమ్మ చెయ్యి ఇప్పుడు ఊరికే ఉంది. నెలవంక మాత్రం ఆగలేదు. ఇటు కొంచెం, అటు కొంచెం, ఉయ్యాలలో పడుకోబెట్టినట్టు ఊగుతోంది. మామయ్య తన చేతి వంక చూశాడు, వాచీ వంక చూశాడు. చెయ్యి లాక్కోలేదు.

అమ్మ కళ్లు తెరిచింది.

"ఏంట్రా, అలా వణుకుతున్నావ్?"

"వణకడం కాదక్కా" అన్నాడు. "కీ ఇస్తున్నాను."

అమ్మకి ఏం జరిగిందో చెప్పడానికి చాలాసేపు పట్టింది. ముగ్గురం ఒకేసారి చెప్పాం. ఆ అమ్మాయి చేతులు తిప్పి చూపించింది, నేను ముక్కు పట్టుకుని చూపించాను. అమ్మ నమ్మలేదు. "నేను కట్టెలా పడుకుంటాను" అంది. వాచీ చూసుకుంది. నడుస్తోంది. అప్పుడు కొంచెం సిగ్గుపడింది.

"ఏం కలొచ్చింది మీకు?" అనడిగింది మ్యూజియం అమ్మాయి.

"ఎప్పుడూ వచ్చేదే."

"ఎప్పుడూ వచ్చేది ఏది?"

"హాలు. అందరం ఉంటాం. పట్టీలు ఉండవు. ఎవరు విప్పారో తెలీదు. చక్రం పెడతాను, అది ఆడటం మొదలెడుతుంది. ఆడగానే తీసి కిటికీలోంచి ఎగరేస్తాను. అందరూ ఎగరేస్తుంటారు. అవి పడవు. పోతాయి అలా, చిన్న చిన్న చప్పుళ్లు చేసుకుంటూ, చెట్ల మీంచి. సూపర్‌వైజరు కింద నిలబడి చూస్తుంటాడు. స్కేలు అందదు వాడికి." చేతికున్న వాచీని ఒకసారి తడిమింది. "రోజూ వచ్చే కలని కల అంటారా? నాకది రెండో షిఫ్టులా ఉండేది. ఎవరితో చెప్తాం."

ఇంతకంటే నేను చెప్పేదేముంది. పగలు కట్టేసిన చెయ్యి తన పని తాను వెతుక్కుంది. ఆ పనికే ఆ వాచీ నడిచింది. ఏ జీతమూ లేని షిఫ్టు అది. మామయ్య చేసిన పల్చటి బరువుకి ఆ కల సరిపోయింది.

"అట్ట మీద ఏం రాయను మేస్త్రిగారూ?" అంది మ్యూజియం అమ్మాయి. ఈసారి కలం మూత తీసింది.

మామయ్య ఆలోచించాడు. "ఈ వాచీ ఆగలేదు" అన్నాడు. "రాశావా? కట్టుకున్నవాళ్ల చేతులు కదలలేదు."

"ఎందుకు కదలలేదో కంపెనీని అడగండి, అని కూడా రాయి" అన్నాను నేను.

"అది పెట్టనివ్వరు" అంది ఆ అమ్మాయి. రాసింది మాత్రం. కింద గీత కూడా గీసింది.

పెట్టనివ్వలేదు. మొదటి రెండు వాక్యాలే ఉంచారు. మూడోది నేనే ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి, టికెట్ కొనుక్కుని లోపలికెళ్లి ఆ గాజుపెట్టెకి అంటించొచ్చాను. కండక్టర్ల యూనియన్ కోసం గోడలకి కాగితాలు అంటించినవాణ్ణే, నాకు కొత్తేం కాదు. చింపేశారు. మళ్లీ అంటించాను. ఆ పెట్టెలో ఉన్నవి ఆగిపోయిన నమూనాలే. నడిచేదాన్ని ఇవ్వలేదు. మనవడుగారు మనిషిని పంపి అడిగించారు. గాజులో పెడితే ఆగిపోతుంది, ఆగిందని మళ్లీ మీరే రాస్తారు, పొమ్మంది అమ్మ.

ఇప్పుడది పగలంతా మామయ్య చేతికి ఉంటుంది. పొద్దు వాలేసరికి మా ఇంటికొచ్చి అమ్మకి కట్టి పోతాడు. పొద్దున్నే వచ్చి తీసుకుంటాడు. వచ్చినప్పుడల్లా టీ. కప్పు చేత్తో ఎత్తి తాగుతున్నాడు. సగం బల్ల మీద ఒలుకుతుంది. "గుడ్డ తెచ్చుకుని నువ్వే తుడువు" అంటుంది అమ్మ. ఆయన తుడుస్తాడు, వణుకుతున్న చేత్తో, పెద్ద పెద్ద చుట్లు తిప్పుతూ, అక్కర్లేని చోట కూడా. డయల్ అంచున నెలవంక ఒక్క చోట నిలవదు.